చిల్లుల మాస్టారి కుడి జబ్బ

కొందరు ఆకాశంలో చుక్కలు లెక్కపెడతారు. ఈయన ఎముకల్లో చిల్లులు లెక్కపెట్టేవాడు. మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పడం ఉద్యోగం, జబ్బ ఎముక మీద పరిశోధన ప్రాణం. భుజానికీ మోచేతికీ మధ్యనుండే ఆ ఎముకలోకి రక్తనాళం దూరడానికి ఓ సన్నటి చిల్లు ఉంటుంది. అది సరిగ్గా ఎక్కడుంటుందన్నదే ఆయన జీవితసమస్య. తక్కినవాళ్ళకి వేరే సమస్యలుంటాయి, పాపం.

ఎండు ఎముక తీసుకుని, చిల్లు కనబడ్డ చోట రబ్బరు బ్యాండు తొడిగేవాడు. సూది దూర్చి, దారి మోచేతి వైపు ఏటవాలుగా దిగుతోందో లేదో చూసి కొలిచేవాడు. కుడి ఎముకలకో పెట్టె, ఎడమ ఎముకలకో పెట్టె. కూరగాయల కట్టలతో ఇంటికొచ్చిన రబ్బరు బ్యాండ్లన్నీ ఆయన జేబులోకే పోయేవి.

"చిల్లులే కావాలంటే వంటింట్లో జల్లెడ ఉందిగా, ఇంటిపట్టున కూర్చుని లెక్కపెట్టుకోండి" అనేది భార్య. కాలేజీలో పిల్లలైతే చిల్లుల మాస్టారని పేరే పెట్టేశారు. ఆయనకదో బిరుదులా వినబడేది.

ఓ రోజు పై అరలోని కుడి ఎముకల పెట్టె అందుకోబోయి స్టూలు మీంచి పడ్డాడు. పెట్టెలో ఒక్క ఎముకా విరగలేదు. ఆయనదే విరిగింది. అదీ కుడి జబ్బే.

బావ బతుకు కోరేది బావమరిదే అంటారు. ఈయన బావమరిది ఎముకల డాక్టరు కూడాను. ఎక్స్‌రే కిటికీ వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఎముక నడుమకి కాస్త కింద విరిగింది బావా. ప్లేటు వేసి బిగించేస్తా."

మాస్టారి మొహం పాలిపోయింది. "సరిగ్గా చిల్లుండే చోటురా అది! నాళం తెగిందంటే ఎముకకి తిండి అందదు, ఇక అతకదు. నువ్వు కత్తి పెట్టకు."

పొడిచే సూదీ, బోర్డు మీద సుద్దముక్కా, నోటికందే ముద్దా, అన్నీ ఆ చేతివే. ఎముక అతక్కపోతే ఆ చెయ్యి గుమ్మానికి ఊరికే వేలాడే తాళంకప్పే.

"సరే, నీ చిల్లెక్కడుందో చెప్పు. దాని జోలికి పోను."

"చాలామందికి లోపలి వైపు, నడుమ భాగంలో..."

"చాలామంది సంగతి నాకెందుకు? టేబుల్ మీద పడుకునేది నువ్వు."

మాస్టారికి ఊరందరి ఎముకలూ తెలుసు, తనదే తెలీదు. "కొందరికి రెండుంటాయి. ఒక్కోడికి అసలు ఉండదు."

"లేనివాడి ఎముక ఎండి ఊడిపోయిందా మరి?"

"ఎందుకు ఊడుతుంది? పైపొరలోంచి కూడా రక్తం..."

మాట అక్కడే ఆగిపోయింది. బతికున్న ఎముకకి తొడుగులా ఓ పొర ఉంటుందనీ, దాన్నుంచీ రక్తం అందుతుందనీ ఏటేటా పిల్లలకి చెప్పే మనిషే. కానీ పెట్టెల్లో ఎముకలకి ఆ పొరే లేదు. వాటితో సహవాసం చేసీ చేసీ, తనూ అలాంటి ఎండు ఎముకేనని భయపడిపోయాడు.

భార్య ఊరుకుంటుందా? "ఇంకేం, చచ్చినవాళ్ళతో కాపురం చేస్తే బతికున్నవాళ్ళ సంగతి గుర్తుంటుందా!"

ఆపరేషన్ అయింది. బావమరిది బయటివైపు నుంచే వెళ్ళి, లోపలివైపు కండని కదపకుండా, పైపొరని వీలైనంత ఒలవకుండా ప్లేటు బిగించాడు. ఆ తర్వాత ఎక్స్‌రే తీసిన ప్రతిసారీ మాస్టారు పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లాడిలా గోళ్ళు కొరికాడు. మొదట్లో ఏమీ కనబడలేదు. తర్వాత విరిగిన చోట మంచుపొరలా కొత్త ఎముక తేలింది. చివరికి గట్టిగా అతికింది.

నా స్క్రూల మహిమన్నాడు బావమరిది. నేను పోసిన పాలన్నది భార్య. మాస్టారు మాత్రం ఎక్స్‌రేకి ముక్కు ఆనించి ఏదో వెతుకుతున్నాడు.

"ఏంటి బావా, ఇంకా?"

"నా చిల్లు కనబళ్ళేదురా. నీ ప్లేటు అడ్డం."

"తొందరేముంది? ఎప్పుడో ఓనాడు నువ్వూ ఆ పెట్టెలోకి చేరాల్సినవాడివే. అప్పుడెవడో సూది పెట్టి చూస్తాడులే."

భార్య తమ్ముణ్ణి కసిరింది. మాస్టారికి మాత్రం కోపం రాలేదు. జేబులోంచి రబ్బరు బ్యాండు తీసి, బాగైన ఆ కుడి చేతికి చొక్కా మీంచే ఎక్కించాడు. జబ్బ నడుమకి కాస్త కిందికి జరిపి, తృప్తిగా తలాడించాడు.

"ఇక్కడ చూడమను. కుడి పెట్టెలో వెయ్యమని కూడా చెప్పు, వెధవలు ఎడమదాంట్లో కలిపేస్తారు."