విప్పి పెట్టిన మిషన్ రాసిన అంకెలు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మంట. వాచీలు బాగుచేసే ఇంట్లో పుట్టినవాణ్ణి, దేన్నైనా విప్పి చూస్తే కారణం కనపడుతుందని నమ్మేవాణ్ణి. అందుకే ఇది రాస్తుంటే కూడా కోపం వస్తోంది.

భద్రాచలం దారిలో, అడవి అంచున ఒక రంగుల ఫ్యాక్టరీలో మిషన్లు చూసుకునేవాణ్ణి. అక్కడ అరచేతిలో పట్టే గ్యాస్ మిషన్ ఒకటుండేది. గాలిలో థిన్నర్ ఆవిరి రవ్వంత ఉన్నా పసిగట్టి అంకె చూపిస్తుంది, ఏ నిమిషానికి ఎంతో తనలోనే రాసుకుంటుంది. ట్యాంకు కడగడానికి మనిషి దిగేముందు దాన్ని తాడు కట్టి దించాలి. సున్నా చూపిస్తేనే మనిషి దిగాలి, అదీ రూలు.

ఎండాకాలం మొదట్లో పక్క ఊళ్ళో సారా కాచే ఇప్పపువ్వు ఆరబోస్తే ఆ వాసనకూ అది కూసేది. "దీనికి సారా యావ పట్టింది" అని మేనేజర్ ఎగతాళి చేసేవాడు. చివరికి రిపేరు చేయించుకు రమ్మని నన్ను ఖమ్మం పంపాడు.

నేను ఖమ్మంలో ఉన్న ఆ పొద్దునే ముత్తయ్యను ట్యాంకులోకి దించారు. పక్క ఊరి కూలీ. ప్రాణంతో పైకి రాలేదు.

దవాఖానా కాగితం రాకముందే మేనేజర్ రిపోర్టు రాసేశాడు. మిషన్‌తో చూశాం, సున్నా చూపించింది, మనిషే ఇప్పసారా తాగి దిగాడట. చచ్చినవాడు లేచొచ్చి కాదంటాడా! మిషన్ నా దగ్గరుంది కదా అంటే, ఉద్యోగం ఊడుతుందన్నాడు. నోరు మూసుకున్నాను.

విచారణకు సర్కారు ఆఫీసరు వచ్చిన రోజు ముత్తయ్య భార్య లచ్చమ్మ ఆయన్ను ఒకటే అడిగింది. "మా ఆయన సారా ముట్టడు సార్. గా మాట తీసెయ్యుండ్రి."

ఆఫీసరు మిషన్ తెమ్మంటే కంప్యూటర్‌కు తగిలించాను. ముత్తయ్యను దించిన రోజు, సరిగ్గా ఆ వేళకే, పొద్దున పది దాటాక అంకెలు కనిపించాయి. సున్నా, నలభై, మూడొందలు, ఆపైన కొలతే దాటిపోయింది. తాడు మీద దించుతుంటే అచ్చం అలాగే పెరుగుతాయి.

ఆ సమయానికి అది ఖమ్మంలో షాపు బల్ల మీద, సెన్సార్ ఊడదీసి, బ్యాటరీ పక్కన పెట్టి ఉంది. నేను ఎదురుగానే కూర్చున్నాను. మిషన్ గడియారం సరిచూశాను, నిమిషం తేడా లేదు.

మేనేజర్ ఎగిరిపడ్డాడు. "అబద్ధం సార్! ఆ రోజు ఆ మిషన్ ఈడ లేనే లేదు, ఖమ్మం పోయింది!"

"మరి దేంతోని చూసిన్రు?" అన్నాడు ఆఫీసరు.

అప్పుడు లేచి, అవును, నా దగ్గరే ఉందని చెప్పాను. తాగాడన్న వాక్యం మీద ఆఫీసరు గీత కొట్టాడు. లచ్చమ్మ నా వైపు కూడా చూడకుండా వెళ్ళిపోయింది.

విప్పి ఉన్న మిషన్ ఆ అంకెలెలా రాసిందో నాకిప్పటికీ తెలియదు. అది రాయకపోతే నేను లేచేవాణ్ణి కాదు. ఆ సంగతి మాత్రం నాకు బాగా తెలుసు.