ఎవరి జాన

నాంపల్లి స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్నావిడ ఫోన్‌లో ఒక వంటగది బొమ్మ చూసుకుని మురిసిపోతోంది. ఇంగ్లండ్‌లో నర్సట. అక్కడ కొన్న ఇంటికి అలమరలు, గట్టూ అన్నీ ఆబిడ్స్‌లో చేయించి ఓడలో పంపిస్తోందట.

"గోడకూ గోడకూ నడుమ పద్నాలుగు జానలు తాతా. టేపు దొరకక చేత్తోనే కొలిచిన."

"దుకాణంలో ఎట్లా రాసుకున్నరమ్మా?"

"జానంటే తొమ్మిదించులే గదా అన్నడు సేటు. గట్లనే రాసిండు."

నాకు ఒళ్లు మండింది. రంగుల బొమ్మలు చూపించడానికి కంప్యూటరుంది, ఆమె చెయ్యి చూడ్డానికి కళ్లు లేవు! నేను బడికి పోలేదు. కలప అడితిలో కొలతలు నేర్చినవాణ్ణి. బెంచీమీద నా జాన పరిచాను, సరిగ్గా తొమ్మిదించులు.

"నీదీ పెట్టు."

ఆమె వేళ్లు చాచి పక్కన ఆనించింది. రెండంగుళాలు తక్కువ! అంటే మొత్తం మీద రెండడుగుల పైనే తేడా. ఆమె ముఖం పాలిపోయింది.

"అయ్యో యేసయ్యా! పలకల కోత ఇయ్యాల్నే అన్నరు!"

ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

"జర బ్యాగు చూడున్రి తాతా," అని బయటికి పరుగెత్తింది.

ఆమె ఎక్కవలసిన బండి వచ్చింది, వెళ్లిపోయింది. అనవసరంగా చెప్పానా, ఆలస్యంగా చెప్పానా అని బ్యాగును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

గంటకు వచ్చింది. ఆమె చెయ్యి చాపింది. వేళ్ల చుట్టూ పెన్సిల్ మసి.

"పలక మీద నా జాననే పెట్టి గీయించిన తాతా. ఇంకా కొయ్యలే."

ఇప్పటికీ ఎవరైనా జానల్లో కొలత చెబితే, ముందు వాళ్ల చేతివంక చూస్తాను.