ఎనిమిది రౌండ్లు

మా మాస్టారి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు.

ఆయన శ్రీకాకుళంలో మా కాలేజీ పీడీ, ఆటలు నేర్పే మాస్టారు. పొద్దున్నే కాలేజీ గ్రౌండులో ఆర్మీ సెలక్షన్లకు వెళ్లే కుర్రాళ్లను పరిగెత్తించేవారు. ఆయన పుణ్యాన ఎంతోమందికి ఉద్యోగాలొచ్చాయి, కాదనను. మా వైపు పరుగంటే పదహారొందల మీటర్లే. నాలుగు రౌండ్లు, ఆయన చేతిలో స్టాప్‌వాచీ. సాయంత్రం ఫుట్‌బాల్ ఆడేవాళ్లకూ అదే వాచీ, అవే నాలుగు రౌండ్లు. ముందొచ్చినవాడు ఆటగాడు, వెనకబడ్డవాడు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు!

మాది పొందూరు పక్క, వ్యవసాయం. పొడుగు కాళ్లు నావి, రౌండ్లలో నన్నెవరూ దాటేవారు కాదు. బంతి తగిలితే మాత్రం అది ఎటు పోతుందో నాకే తెలిసేది కాదు. నా స్నేహితుడిది సముద్రం ఒడ్డు, చేపలవేట ఇల్లు. పొట్టివాడు, ఇసకలో ఆడి పెరిగినవాడు. పది అడుగుల ఉరుకులో వాడిని పట్టుకోగలిగినవాణ్ణి నేను చూడలేదు. ఉరికేవాడు, ఠక్కున ఆగేవాడు, తిరిగి మళ్లీ ఉరికేవాడు. ఆట చివరిదాకా అంతే. నాలుగు రౌండ్లు తిరగమంటే మూడోదానికే నడుం పట్టుకునేవాడు.

రాష్ట్రం విడిపోయిన మరుసటేడు విజయనగరంలో పోటీలు పెట్టారు. అక్కడి ఆట చూసి రాష్ట్ర జట్టుకు ఎంపిక చేస్తారు. వచ్చే ఏటికి వాడికి వయసు దాటిపోతుంది, అదే ఆఖరి అవకాశం. మాస్టారు అందరినీ పరిగెత్తించారు. వాడు ఆఖరున వచ్చాడు. జట్టు కాగితంలో వాడి పేరు కొట్టేసి ఆ చోట నా పేరు రాశారు.

"మాస్టారూ, ఆటలో ఆగకుండా అంత దూరం ఎవుడు పరిగెడతాడండి?" అన్నాడు వాడు.

"బంతి ఎవుడైనా తంతాడ్రా. ఊపిరుండాల. నీకేటున్నాది?"

వాడు నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు మావా. నీ మాటైతే ఇంటారు."

నిజమే, వినేవారేమో. నేను వంగి బూటు లేసు కట్టుకుంటూ కూర్చున్నాను. అప్పటికే కట్టి ఉన్న లేసు అది. నాకూ రాష్ట్ర జట్టు కావాలనిపించింది, సిగ్గులేకుండా.

విజయనగరంలో విశాఖ నుంచి వచ్చిన జట్టుతో ఆడాం. మొదట్లో వాళ్లను చూసి నవ్వుకున్నాం, సగంసేపు నడుస్తున్నారని. గోలీ తప్ప మేం పదిమందిమీ ఆగకుండా పరిగెడుతున్నాం. మా జిల్లా ఆటల్లో అదే సరిపోయేది. కాసేపటికి తెలిసింది, వాళ్లు నడిచేది ఉరకడానికేనని. బంతి దొరగ్గానే ముగ్గురు ఒక్కసారిగా దూసుకుపోయేవారు. మళ్లీ నడక, మళ్లీ దూకుడు. రైలు వెళ్లిపోయాక చీపురుపల్లి ప్లాట్‌ఫారం మీద పరిగెత్తేవాడిలా నేను వాళ్ల వెనక పడ్డాను. ఊపిరి నిండుగా ఉంది. తొడలు పట్టేశాయి. ఆగి తిరగడం నాకెవరు నేర్పారు గనక?

నా స్నేహితుడు పాసింజరు రైలు పట్టుకుని ఆట చూడ్డానికొచ్చాడు. గీత అవతల నిలబడి గొంతు చించుకున్నాడు. "ఎనకాల పడకు మావా! అడ్డంగా ఎల్లు! ఆగి తిరుగు!"

ఐదు గోల్స్ తిన్నాం. నా పక్కనుంచే మూడు. మాలో ఒక్కడినీ ఎంపిక చెయ్యలేదు.

తిరుగు బస్సులో మాస్టారు వాచీ జేబులో పెట్టేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. తప్పు తెలిసొచ్చిందేమో అనుకున్నాను. బస్సు దిగేముందు మా వైపు తిరిగారు.

"మీకు ఊపిరి సాల్లేదర్రా. రేపట్నుంచి ఎనిమిది రౌండ్లు."

ఒళ్లు మండిపోయింది. ఆ వాచీ లాక్కుని నాగావళిలో విసిరెయ్యాలనిపించింది. తలూపి బస్సు దిగాను.

మర్నాడు వాడు గ్రౌండుకి రాలేదు. ఇంకెప్పుడూ రాలేదు. మాస్టారు వాచీ నొక్కారు. నేను ఎనిమిది రౌండ్లూ పరిగెత్తాను. మొదట వచ్చాను కూడా.