గుర్రం షోకా, వ్యాపారమా?

కడపలో బండలమ్ముకుని బతికే నాకు బుర్ర కూడా బండేనని గుర్రాన్ని కొన్న ఏడాదే తేలింది. పెళ్లి ఊరేగింపులకు బాడుగకు తిప్పుదామని కొన్నాను. తిప్పాను కూడా. కాకపోతే పిలిచినవాళ్లంతా బంధువులో, స్నేహితులో. బాడుగ అడగడానికి నోరు రాలేదు. పెళ్లికొడుకు దిగగానే తాంబూలం పుచ్చుకుని, గుర్రాన్ని పట్టుకుని ఇంటికొచ్చేవాణ్ని.

అయినా దాణా, లాడాలు, డాక్టరు ఖర్చులన్నీ బండల లాభంలోంచి తీసేసి పన్ను తగ్గించుకోవచ్చని నా లెక్క. ఆ ధైర్యంతోనే, "ఈ ఖర్చు పన్నులో పోకపోతే గుర్రాన్ని అమ్మేయాల" అన్న మా ఆవిడ షరతుకు తలూపాను.

ఆడిటరుగారు కాగితాలు చూసి కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"ఏమప్పా, ఖర్చు శానా ఉండాది. రాబడి యాడ?"

"అన్నీ మనోళ్ల పెళ్లిళ్లే సార్. ఎట్ల అడిగేది?"

"మరెందుకు సాకుతాండావు?"

"ఎక్కితే బాగుంటాది సార్."

"అయితే ఇది వ్యాపారం గాదు, షోకు. దీన్ని వ్యాపారంలో రాస్తే తన్నేది గుర్రం గాదప్పా, ఆఫీసరు!"

దారి పొడుగునా ఇదే ఆలోచన. బాగుంటే వ్యాపారం కాదా? పాలిష్ పట్టిన బండ మీద చెయ్యి రాయడమూ నాకు బాగుంటుంది. మరి అదెట్లా వ్యాపారమైంది? మా బండల అంగడి పక్కనే కిరాణా కొట్టు నడిపే శెట్టిని అడిగాను.

"పొద్దుగూకినాక గల్లాపెట్టె చూస్తే భయమెయ్యాల. అదీ వ్యాపారం."

"నాకు గుర్రాన్ని చూస్తే రోజూ భయమే శెట్టీ."

"ముందు గల్లా ఉండాల గదప్పా!"

ఇంట్లో మా ఆవిడ అప్పటికే కొనేవాళ్లను వాకబు చేస్తోంది. అంతలో ఆడిటరుగారే ఫోన్ చేశారు. వాళ్లబ్బాయి పెళ్లట.

"గుర్రాన్ని పంపియ్యప్పా. మనం మనం ఒకటే గదా."

"బాడుగ పదివేలు సార్." ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం.

"పదివేలా! రెండు వీధులకేనా? ఐదు చేస్కో."

ఆయన దిగమన్నకొద్దీ నాకు హుషారెక్కింది. చివరికి ఎనిమిది దగ్గర ఆగాం. పక్కనుంచి అంతా విన్న మా ఆవిడ, "ఇట్ల అడగడం మొదలుపెడితే ఉండనీలే దాన్ని" అంది.

పెళ్లయ్యాక ఆ ఎనిమిది వేలు రాబడిలో రాయమని ఆయన ముందే కూర్చున్నాను.

"ఒక్క బాడుగకే వ్యాపారమైపోతాదా అప్పా?" అని గొణిగారు.

"షోకనే రాయండి సార్. షోకు గుర్రానికి మీరు అరగంట బేరమెందుకాడినారో, అది కూడా పక్కన రాయండి."