తాళం వేసిన ఇన్‌హేలర్

పోయిన వారం ప్రొద్దుటూరులో మందుల షాపు దగ్గర నిలబడి ఉంటే, నా పక్కనున్నామె తన పాపకు డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్‌ను తిరిగి ఇచ్చేస్తోంది. "ఇది పీలిస్తే అలవాటైపోతాదంట, సిరప్పు ఉంటే ఈయప్పా" అంటోంది. షాపాయన వెంటనే సిరప్పు తీసిచ్చాడు. పాప భుజాలు ఎగదోసుకుంటూ ఊపిరి తీస్తోంది. నాకు ఒళ్లు మండింది. ఆమెను పక్కకు పిలిచి మా వదిన సంగతి చెప్పాను.

మా వదిన వాళ్లుండేది జమ్మలమడుగులో. చర్చిలో పాడేటప్పుడు తప్ప గొంతెత్తేది కాదు. పాడితే మాత్రం తాను శ్రుతి తప్పడమే కాక పక్కవాళ్లనూ తప్పించేది. ఆమె కూతురికి, అంటే నా మేనకోడలికి, చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. వాళ్ల బడి గోడ అవతలే బండల పాలిష్ ఫ్యాక్టరీ. కోత మొదలైతే మధ్యాహ్నానికల్లా బెంచీల మీద దుమ్ము పేరుకునేది. పిల్లల దగ్గర మందులు ఉండకూడదని ఆ బడిలో కట్టడి. మేనకోడలి ఇన్‌హేలర్‌ను హెడ్మాస్టరు తన గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

ఒకరోజు ఆటల పీరియడ్‌లో పిల్లకు ఊపిరి అందలేదు. హెడ్మాస్టరు మీటింగుకని పులివెందుల పోయాడు, తాళంచెవితో సహా. మందు అద్దంలోంచి కనబడుతూనే ఉంది. టీచర్లు ఆయనకు ఫోన్ చేస్తూ నిలబడ్డారు. కబురంది పరుగెత్తుకొచ్చిన వదిన, పిల్ల పెదవులు నీలంగా మారడం చూసి, గంట కొట్టే ఇనుపకడ్డీ అందుకుని బీరువా పగలగొట్టింది. మందు పీల్పించి ఆటోలో ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోయింది. పిల్ల బతికింది.

పిల్లను చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే తమ పిల్లల ఉబ్బసం గురించి నోరు విప్పారు. పెళ్లికి అడ్డమొస్తుందని మనవరాలి ఉబ్బసాన్ని దాచిపెట్టిన రెడ్ల పెద్దామె, ఆశా వర్కరు, చర్చి ఆడవాళ్లు, పొరుగింటి సాయిబులామె అందరూ ఒక జట్టయ్యారు. ఈలోగా బడి కమిటీ వదినను సంజాయిషీకి పిలిచింది. అందరూ కలిసే వెళ్లారు, నేనూ వెళ్లాను.

"మందు సంగతి తర్వాత. బీరువా ఎందుకు పగలగొట్టినావమ్మా?" అన్నాడు కమిటీ పెద్ద.

"బిడ్డకు ఊపిరాడక సస్తాంటే ఇంకేం పగలగొట్టమంటావప్పా?" అంది వదిన.

అప్పుడు పొరుగింటామె లేచింది. అంతకు ముందటేడే ఆమె పెద్దకూతురు ఆ బడిలోనే ఊపిరాడక చనిపోయింది. బడివాళ్లు గుండెజబ్బని తల్లికి చెప్పి పంపేశారు. "నా బిడ్డ మందు గూడా ఆ బీరువాలోనే ఉండె సార్. ఆ పొద్దు నేను అద్దం పగలగొట్టలేదు. నన్నెవురూ పిలవనే లేదు" అందామె. హెడ్మాస్టరు తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు.

ఆ తర్వాత ఇన్‌హేలర్లు పిల్లల సంచుల్లోకి వచ్చాయి. మా జట్టువాళ్లు ప్రొద్దుటూరు నుంచి డాక్టరమ్మను పిలిపించి, మందు ఎలా పీల్పించాలో టీచర్లకూ తల్లులకూ నేర్పించారు. ఫ్యాక్టరీవాళ్లు మాత్రం ఆడవాళ్లు గోడ దగ్గర కాపలా నిలబడినన్నాళ్లే, దుమ్ము లేవకుండా నీళ్లు పోసి బండలు కోశారు. హెడ్మాస్టరు శాలువా, దండలతో రిటైరయ్యాడు. నా మేనకోడలు ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

ఏళ్లు గడిస్తే కోపం చల్లారుతుందంటారు. పొరుగింటి పిల్ల ఉండుంటే ఈపాటికి ఎంత ఎత్తు పెరిగేదో అనుకున్నప్పుడల్లా, నాకైతే గడిచిన ప్రతి ఏడూ ఆ కోపంలోనే కలుస్తోంది.