బాపు కారులో పెట్రోలు వాసన

మా అన్న మీద నా కోపం ఇవాళ్టిది కాదు. మా బాపు, అంటే నాన్న, బెల్లంపల్లి గనిలో పనిచేసే రోజుల్లో రెండు సీట్ల ఎర్ర కారు ఒకటి కొన్నాడు. పైకప్పు మడతపడేది, మూతి పొడుగ్గా ఉండేది, కూర్చుంటే నేల మీద కూర్చున్నట్టే ఉండేది. ఆదివారం బాపు బానెట్ ఎత్తి కార్బురేటర్ విప్పితే నేను పానా పట్టుకుని పక్కకు చేరేదాన్ని. అంతే, అన్న మోచేత్తో నెట్టేవాడు.

"జరుగు. నీకేం తెల్వదు."

బాపు అన్నకు చేత్తో నేర్పేవాడు. నేను వెనక నిలబడి చెవులతో నేర్చుకునేదాన్ని. అన్న నోటి నుంచి వచ్చిన ఆ మాట మాత్రం నా కడుపులో అలాగే ఉండిపోయింది.

బాపు పోయాక కారు కరీంనగర్‌లో అన్న వాకిట్లో నిలిచింది. అమ్మను మేం అవ్వ అంటాం, ఆమె కూడా అక్కడే ఉంటుంది. నేను వెనక వీధిలో ఉంటాను, హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. దసరాకు బాపు బానెట్ మీద ఒక్క బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఊరుకునేవాడు. అన్నకు అది ఆనలేదు. మొన్న దసరాకు గంధం ముద్దగా కలిపి ఆ కారుకు సందు లేకుండా మెత్తాడు. పైన కుంకుమ దిద్ది, చుట్టాలందరికీ ఫోటోలు పంపాడు.

ఎండలు ముదిరేసరికి కారు పెట్రోలు కంపు కొట్టడం మొదలుపెట్టింది. అవ్వకు తలనొప్పి పట్టుకుంది. ఒకరోజు నేను వెళ్లేసరికి అన్న అప్పటికే తీర్పు చెప్పేస్తున్నాడు.

"ఇది కారు గాదవ్వా, ఇంటి ముంగట బాంబు. పాత సామాన్లాయనకు చెప్పిన. ఐతారం వచ్చి గుంజుకపోతడు."

"వాసన ఏడికెళ్లి వస్తుందో చూసినవా అన్నా?" అన్నాను.

"నువ్వు చూస్తవా? పోయి నీ బడిపిల్లలకు చెప్పుకో."

అవ్వ మధ్యలో కలగజేసుకుంది. "ఐతారం దాకా చూడనియ్యిరా దాన్ని. వాసన పోతే బండి ఉంటది, పోకుంటే తీస్కపోనియ్యి."

అన్న నవ్వాడు. బాపు కారు తుక్కు కాకూడదన్నది ఎంత నిజమో, ఆ నవ్వు దింపాలన్నదీ అంతే నిజం. దాచేదేముంది, పగతోనే పనిలోకి దిగాను.

బడికి సెలవు పెట్టాను. ముందు పెట్రోలు పైపులు చూశాను. ఇప్పటి పెట్రోలు పాత రబ్బరును తినేస్తుందని మెకానిక్ అంటే అన్నీ మార్పించాను. మధ్యాహ్నానికి మళ్లీ కంపు. ట్యాంకు కింద పేపరు పరిచి చూస్తే చుక్క పడలేదు. కార్బురేటర్ దగ్గర మాత్రం తడి. అందులో చిన్న గిన్నె ఉంటుంది, అది నిండగానే లోపలి సూది పెట్రోలును ఆపేయాలి. గిన్నె పొంగి కారుతోంది. ఆ సూదీ కొత్తది వేయించాను. పొద్దున వాసన లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి యథాప్రకారం.

ఇంతలో అన్న అగరుబత్తులు వెలిగించి కారు పక్కనే గోడ సందులో గుచ్చాడు, వాసన తెలియకుండా. పెట్రోలు కారే చోట నిప్పు! లాగి బకెట్లో ముంచాను. ఈ మనిషా నాకు ఏమీ తెలియదన్నది అని ఒళ్లు మండిపోయింది.

శనివారం కారు పక్కన పీట వేసుకుని కూర్చుని ఆలోచించాను. పొద్దున సూది బాగానే ఆపుతోంది, మధ్యాహ్నమే ఆపలేకపోతోంది. అంటే తప్పు సూదిది కాదు, ఎండ పెరిగాక దాని మీదికి పెట్రోలును ఏదో నెడుతోంది. ట్యాంకు వేడెక్కితే లోపల ఆవిరి పెరుగుతుంది. అది బయటికి పోవడానికి పెట్రోలు మూతకు సన్నటి రంధ్రం ఉంటుంది. లేచి కారు వెనక్కి వెళ్లాను.

మూత మీద అన్న గంధం ఎండి గట్టిపడి ఉంది. రంధ్రం ఎక్కడుందో కూడా కనబడలేదు. దేవుడి బొట్టు తుడవకూడదని దసరా నుంచి కారు కడిగిన ప్రతివాళ్లూ దాన్ని తప్పించి కడిగారు. నేనూ అంతే. మూత కొంచెం తిప్పగానే బుస్సుమంది.

అప్పుడే గీకేస్తే పని అయిపోయేది. గీకలేదు. మూత మళ్లీ బిగించి ఇంటికి వెళ్లి కడుపునిండా తిన్నాను.

ఆదివారం మధ్యాహ్నం పాత సామాన్లాయన ట్రాలీ ఆటో, తాళ్లు తెచ్చాడు. ఇరుగుపొరుగు చేరారు. అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గడపలో నిలబడింది.

"అన్నా, జర ఆ పెట్రోలు మూత తిప్పు," అన్నాను.

తిప్పాడు. లోపలి ఆవిరి బుస్సుమని మొహాన కొట్టేసరికి ఎగిరి వెనక్కి పడబోయాడు. నేను పిన్నీసుతో రంధ్రంలోని గంధం పెళ్లగించి అన్న అరచేతిలో పెట్టాను.

"ట్యాంకుకు ఊపిరాడకుంట జేసింది గిదే. ఎవలు పెట్టిన్రు అన్నా?"

అన్న గుప్పిట మూసేశాడు. అవ్వే అంది, "నువ్వే గదరా పెట్టింది. ఫోటోలు గూడ దిగితివి."

నవ్వనివాళ్లు లేరు. అన్న మొహం చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కారిన తడి తుడిచి, కారును ఆ ఎండలోనే ఉంచి, పాత సామాన్లాయనకు చాయ్ ఇచ్చి కూర్చోబెట్టాను. పొద్దు వాలాక అవ్వ వచ్చి కారు చుట్టూ తిరిగి వాసన చూసింది. ఏమీ లేదంది. సామాన్లాయన తాళ్లు చుట్టుకుని ఖాళీ ఆటోతో వెళ్లిపోయాడు.

కొండగట్టు దాకా పోయొద్దామని అవ్వను ఎక్కించాను. ఉన్న రెండో సీటు నడిపేవాళ్లది. నేను తలుపు తీసేలోపు అన్న వచ్చి దానికి అడ్డంగా నిలబడి చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇయ్యి చెల్లె. బాపు నాకే నేర్పిండు గదా."

ఎన్నేళ్లు మోశానో ఆ మాటను. చాలా మెల్లగా, మర్యాదగా అన్నాను.

"జరుగన్నా. నీకేం తెల్వదు."

అన్న అవ్వ వైపు చూశాడు. అవ్వ నా వైపు చూసి, "నడుపు బిడ్డా, పొద్దువోతుంది," అంది. ఆయన పక్కకు జరిగాడు.