చినమావయ్య పాలడబ్బా కెమెరాలో నా నవ్వు

నిన్న పొద్దున్న మా ఆయన డ్యూటీ నుంచి ఫోన్ చేసి, "సిన్నాన్న పోయాడే" అన్నప్పుడు నేను నమ్మలేదు.

మొన్న సాయంత్రమే కదా, ఇక్కడ బెంగాల్లో మా ఖిదిర్‌పూర్ క్వార్టర్స్ మెట్లెక్కి వచ్చి, ఖాళీ పాలడబ్బా ఉంటే ఇమ్మన్నారు!

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. అప్పలస్వామిగారు మా చినమావయ్య. కార్పొరేషన్‌లో మురుగునీటి పంపు దగ్గర పనిచేసి రిటైర్ అయ్యారు. ఆ నీళ్లు ఊరికి తూర్పున భేరీల్లోకి, అంటే చేపల చెరువుల్లోకి వెళ్తాయి.

"నేనంపిన నీల్లు ఏటైపోతన్నాయో సూడొద్దా?" అంటూ రోజూ అక్కడికే.

పాలడబ్బా లోపల నల్లరంగు వేసి, సూదితో బెజ్జం పెడితే అదే ఆయన కెమెరా. లెన్స్ లేదు, బటన్ లేదు. బెజ్జం మీద టేపు తీసి ఐదు నిమిషాలు ఆగాలి.

ఈలోగా కదిలిన మనిషి ఫోటోలో ఉండడు!

రెండేళ్ల కిందట ఒక భేరీని మట్టితో పూడ్చడం మొదలుపెట్టారు. అది పోయేలోగా, మనుషులతో సహా ఒక్క ఫోటో కావాలని మావయ్య పట్టుదల. జాలర్లను నిలబెట్టారు. ఒకడు దోమను కొట్టాడు, ఇంకొకడు బీడీ వెలిగించాడు. రెండుసార్లు తీసినా ఒక్కరూ పడలేదు.

డబ్బాలో పెట్టే ఫోటో పేపర్ ఇక ఒకటే మిగిలింది. మట్టి లారీలు గట్టు మీదికి వచ్చేశాయి.

అన్నం క్యారియర్ తెచ్చిన నన్ను చూశారు.

"ఒలే కోడలా, నువ్వు దిగు. పెల్లిలో మూడు గంటలు కదలనేదు. నీకంటే ఎవులున్నారే?"

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాను.

నాలుగు నిమిషాలు బొమ్మలా ఉన్నాను.

అప్పుడు చేపలు నా పాదాలు కొరకడం మొదలుపెట్టాయి. గట్టు మీద ముసలి జాలరి దాదా బెంగాలీలో వదినా అని పిలుస్తూ, "బౌదీ, వాటికీ కొత్త కోడలంటే ముద్దే!" అన్నాడు.

నవ్వేశాను. ఆపుకోలేకపోయాను.

మావయ్య మా బాత్రూమ్‌లో ఎర్ర బల్బు కింద ఫోటో కడుగుతుంటే, నేను బయట ఏడుస్తూ కూర్చున్నాను. తెచ్చి చూపించారు. వెదురు గడలు, వల, నా చీర కుచ్చిళ్లు గీసినట్టు వచ్చాయి. ముఖం మాత్రం మసక.

"పాడుచేశాను మావయ్యా."

"పాడేటే? ముకం ఏ స్టూడియోవోడైనా తీస్తాడు. నవ్వు తియ్యమను సూద్దుం!"

ఆ భేరీ మీద ఇప్పుడు రోడ్డుంది.

నిన్న ఆ జాలర్లంతా చివరిచూపుకు వచ్చారు. గోడ మీది ఆ ఫోటో చూసి దాదా, "ఇందులో మేమెక్కడ బౌదీ?" అన్నాడు.

మసకగా ఉన్న నా ముఖం మీద వేలు పెట్టి, "ఇక్కడ. నన్ను నవ్వించింది మీరే కదా" అన్నాను.

అందరం నవ్వాం, మావయ్య పక్కనే.

హాయిగా వెళ్లండి చినమావయ్యా. నీళ్లు నిండుగా ఉన్న చోట మీకు శాంతి దొరకాలి.